సమ్మె ఎనిమిదో రోజు పొడిచిన సూది

మా వాగు పొంగి గంగారం దిక్కు తండాల చేలన్నీ ఇసుక కింద పడిన వానాకాలం నుంచి లెక్కపెడితే అది మూడో ఏడు. మిగతావాళ్ళు దాన్ని తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె ఏడు అంటారు. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. దసరా తెల్లవారి, అక్టోబరు ఏడున, సమ్మె ఇరవై ఐదో రోజు, పొద్దున తొమ్మిది గంటల పది నిమిషాలకు జనగామలో బట్టల వ్యాపారి సాంబయ్య సేటు ఇంటికి వెళ్ళాను.

నాకంటే ముందే జగన్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

జగన్‌ది మా పక్క తండా. అతను పది పాసయ్యాడు. నేను మూడుతో ఆపాను. అందుకే పోలీసు కుక్కల శాలలో కుక్క గొలుసు అతని చేతికి వచ్చింది, కుక్క గిన్నె నా చేతికి వచ్చింది. ఇరవై ఆరేళ్ళు గిన్నెలు కడిగాను. డాలీ అనే కుక్క ఒక హంతకుణ్ణి పట్టిస్తే పేపర్లో జగన్ ఫోటో వేశారు. డాలీ నా చేతి ముద్ద తప్ప తినదని ఎవరూ రాయలేదు. రిటైరయ్యాక జగన్ హన్మకొండలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచాడు. మేకలు పోయినా, ఎడ్లు పోయినా జనం నన్ను పిలుస్తారు. మనుషుల సంగతులకు అతన్ని పిలుస్తారు.

ఆ రోజు ఇద్దరినీ పిలిచారు. నన్ను సాంబయ్య, జగన్‌ను ఆయన చిన్న కోడలు రమాదేవి.

సంగతి ఇది. రమాదేవి కొన్న కుక్కపిల్ల మూడు రోజుల కింద చచ్చిపోయింది. పెద్ద కోడలు కళావతి విషం పెట్టిందని రమాదేవి అంటున్నది. కళావతికి అంతకుముందే ఒక తెల్ల కుక్క ఉంది, హైదరాబాద్ నుంచి తెచ్చింది, ఇరవై రెండు వేలది. దాన్ని చూసి ఓర్వలేక రమాదేవి ఏడు వేలకు తరిగొప్పులలో ఉమేష్ అనే అతని దగ్గర ఈ పిల్లను కొన్నది. అది జబ్బు పడితే మందులకు పదకొండు వేలు పోసింది. ఇంట్లో అందరికీ తెలిసిన లెక్కే.

"ఏందన్నా, నువ్వు గూడ వచ్చినవా?" అన్నాడు జగన్. "గిన్నెలేమన్న కడిగేది ఉన్నదా ఈడ?"

నేను సాంబయ్యకు దండం పెట్టాను.

"కేసు తేలిపోయింది సేటూ," అన్నాడు జగన్. "రెండో తారీకు పొద్దుగాల పదిగంటలకు కళావతమ్మ కుక్కపిల్లకు పాలు పోసింది. పనిమనిషి చూసింది. ఆ మాపటికే నురగ కక్కింది. నాలుగో తారీకు చచ్చింది. ఎలుకల మందు. కంప్లయింటు రాసిన, మీరొక సంతకం పెట్టుండ్రి, మాపు నాలుగ్గొట్టంగ ఠానాల ఇద్దాం."

తలుపు పక్కన నిలబడ్డ కళావతి మొహం మీద కొంగు కప్పుకొని ఏడ్చింది. "ఆకలికి అరుస్తుంటె పాలు పోసిన మామా. గదే నేను చేసిన తప్పు."

"ఆకలి గాదు, కడుపుమంట," అన్నది రమాదేవి. "నా కుక్క నీ కుక్కకంటె సక్కగున్నదని."

"నీ కుక్క సక్కగుంటె సచ్చేదా?"

"ఇగో, ఇన్నరా మామా! ఇన్నరా!"

సాంబయ్య ఇద్దరినీ ఊరుకోమన్నాడు. నా వైపు తిరిగాడు. "నువ్వేమంటవు అమర్‌సింగూ?"

"పిల్ల మొదలు తిండి మానిందా, నీళ్ళు మానిందా?" అని అడిగాను.

రమాదేవి ఆలోచించింది. "నీళ్ళు. గిన్నెల మూతి పెడుతది, మింగదు."

"ఎన్నడు?"

"ఒకటో తారీకు పొద్దుగాల్నే."

అంటే కళావతి పాలు పోయడానికి ఒక రోజు ముందే. జగన్ కాగితం మీద ఏదో దిద్దుకున్నాడు.

"గొంతు మారిందా?"

ఈసారి జవాబు చెప్పింది రమాదేవి కూతురు వర్షిణి. ఏడేళ్ళ పిల్ల. మెట్టు మీద కూర్చొని వింటున్నది. "మారింది తాతా. కుక్క లెక్క మొరగలె. కోడి కూసినట్టు కూసింది."

ఆ కూత నేను కుక్కల శాలలో ఒక్కసారే విన్నాను. ఆ రోజు మా సారు తుపాకి తెప్పించాడు.

"నీ వేలికి ఆ కట్టు ఏంది బిడ్డా?"

"టామీ కొరికింది. బతుకమ్మకు పూలు పేరుస్తుంటె."

"ఎన్నడు?"

"ఒకటో తారీకే," అన్నది రమాదేవి. "చిన్న గాటు. పసుపు పెట్టినం. ధనుర్వాతం సూది ఏపిచ్చినం. కుక్కపిల్లకు పిచ్చి రాకుండ ముందే సూది పొడిచిన్రు, కార్డున్నది. ఇంక మా పోరికెందుకు సూదులని డాక్టరును మేమే వద్దన్నం."

కార్డు తెచ్చి చూపించింది. రంగుల అట్ట. పుట్టిన తేదీ జూన్ పద్దెనిమిది. రేబీస్ సూది వేసిన తేదీ సెప్టెంబర్ ఇరవై. కింద పశువుల దవాఖాన గుండ్రటి ముద్ర, సంతకం.

"కుక్కపిల్ల నమిలినవి ఏమన్న ఉన్నయా?" అన్నాను.

వర్షిణి తన రబ్బరు చెప్పు ఒకటి తెచ్చింది. వెలుగులోకి పట్టి చూశాను. ముందు సూదిపళ్ళ గుంతలు ఉన్నాయి. వెనక దవడ పళ్ళ గుర్తు సగమే ఉంది. మూడు నెలల పిల్ల అయితే ఆ అంచు మొత్తం నుజ్జయ్యేది. ఇది కొన్ననాడు ఆరు వారాల పిల్ల. ఆరు వారాల పిల్లకు తెలిసినవాడెవడూ ఆ సూది వేయడు. వేసినా పట్టదు.

"సేటూ, విషం సంగతి వెనక చూద్దాం. ముందు పాపకు కుక్కకాటు సూదులు మొదలుపెట్టుండ్రి. ఆ రోగం బయటపడ్డంక ఏ దవాఖానల మందు లేదు."

జగన్ నవ్వాడు. "చెప్పు సూసి జాతకం చెప్తున్నవా అన్నా? సర్కారు ముద్ర కండ్ల ముందల ఉన్నది. పసిపోరికి ఉత్తగనే అయిదు సూదులు పొడిపిస్తవా?"

"మా టామీకి పిచ్చేంది?" అన్నది రమాదేవి. "జాతి కుక్క అది. విషమే. ఎవలు పెట్టిన్రో నాకెర్క."

ఆమెకు విషమే కావాలి. పిచ్చి అంటే తాను చవక సరుకు కొని మోసపోయినట్టు. విషం అంటే తోడికోడలు తనను చూసి కుళ్ళుకున్నట్టు. నాకు ఆ మనసు అర్థమైంది. నాదీ అదే జాతి.

సాంబయ్య గోడ గడియారం చూశాడు. "నాలుగ్గొట్టేదాంక టైమున్నది. రుజువు తే అమర్‌సింగూ."

పదీ యాభైకి సమ్మె టెంటు దగ్గరికి వెళ్ళాను. ప్రతి రోజూ ఒక శాఖ వాళ్ళు రిలే నిరాహార దీక్షకు కూర్చునేవాళ్ళు. ఏ రోజు ఎవరు కూర్చున్నారో ఒక పెద్ద పుస్తకంలో రాసి సంతకాలు పెట్టేవాళ్ళు. నాకు చదవడం నెమ్మది. పశువుల దవాఖాన ఊడ్చే సాలమ్మ అక్కడే ఉంది. ఆమెనే అడిగాను.

"సెప్టెంబరు ఇరవై నాడు మీ డాక్టరు తరిగొప్పుల పోయిండా అక్కా?"

"ఇరవై అంటె సమ్మెల ఎన్నో రోజే?" వేళ్ళు మడిచింది. "ఎనిమిదో రోజు. అయ్యో, ఎనిమిదో రోజు మాదే గదనే! మా శాఖంత కూసున్నం. డాక్టరు సారుకు పొద్దుగాల తొమ్మిదింటికి దండేసిన్రు, సాయంత్రం అయిదింటికి నిమ్మరసం తాగిచ్చిన్రు. నడుమల ఒంటికి గూడ లేచిపోలేదు. నేనే పక్కన కూసున్న." పుస్తకం తిప్పి సంతకాలు చూపించింది. కింద ఆమె వేలిముద్ర కూడా ఉంది.

"ముద్ర ఎవలన్న అడుక్కపోయిన్రా?"

"ముద్ర బీరువల ఉన్నది. బీరువ తాళంచెవి ఈడున్నది." మెళ్ళో పుస్తెల తాడుకు కట్టిన తాళంచెవి తీసి చూపించింది. "సమ్మె మొదలైన్నాటి సంది తియ్యలె."

కార్డు మీది ముద్ర దొంగది. కుక్కపిల్లలు అమ్మేవాడు తేదీ క్యాలెండర్ చూసి వేసుకున్నాడు. ఆ నెలలో ఊరంతా రోజులను సమ్మెతో లెక్కపెడుతున్నదని మరిచాడు.

అప్పుడు టైము పదకొండూ ఇరవై. సాంబయ్య ఇల్లు అక్కడికి అయిదు నిమిషాల నడక. తిరిగి వెళ్ళి సాలమ్మను నిలబెట్టి చెప్పిస్తే పాపకు పన్నెండు లోపల మొదటి సూది పడేది.

నేను వెళ్ళలేదు. ఆ ఒక్క ముక్క జగన్‌ను కుర్చీలోంచి లేపుతుంది గానీ పడగొట్టదు. నాకు అతను పడాలి. నలుగురి ముందు పడాలి. తరిగొప్పుల పోయే ఆటో కనిపించింది. పదముగ్గురి మధ్య ఇరుక్కొని ఎక్కాను. ఆ మూడు గంటలు నేను పాపవి తీసుకున్నాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

పన్నెండూ ఇరవైకి ఉమేష్ షెడ్డు చేరాను. ముందు కోళ్ళ ఫారం ఉండేది. గేటు మీద బోర్డు. కూడబలుక్కొని చదివాను. 'పోలీసు జాతి కుక్కపిల్లలు. జగన్ గారి పర్యవేక్షణలో.'

నాకు సంతోషమైంది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది.

ఉమేష్‌కు ముప్పై ఏళ్ళుంటాయి. ఎరువుల దుకాణం మునిగితే ఈ పనిలో దిగాడు. కొనేవాణ్ణని అనుకొని లోపలికి రానిచ్చాడు. ఇనుప జాలీ గదులు ఆరు. ఆడకుక్కల పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. ఈత ఆగకుండా ఈనుతున్న కుక్కల రొమ్ములు నేలకు రాస్తున్నాయి. ఒక మూల రెండు పిల్లలు కండ్లకు పుసి కట్టి వణుకుతున్నాయి. కింద అంతా తడి, నెత్తుటి విరేచనం వాసన. ఆ వాసన వచ్చిన చోట పిల్లలు మూడో రోజు దాటవు. కొన్నవాళ్ళ ఇంట్లో చస్తాయి కాబట్టి అమ్మినవాడికి పాపం కనిపించదు.

ఆరో గది ఖాళీగా ఉంది. సున్నం చల్లి ఉంది. జాలీలోంచి వెనక దొడ్లో పూడ్చిన గుంట, దాని మీదా సున్నం కనిపించాయి.

"గీ గదిల ఎవలుండె?"

"తల్లికుక్క. సుట్టాలకిచ్చిన."

"ఎక్కడిది అది?"

"కాటారం అడివి పక్క ఊరిది. మంచి జాతి. ఎందుకు?"

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. తలుపు కొయ్య కింది భాగం మూరెడు మేర కొరికి కొరికి పీచయింది. జాలీ తీగ రెండు చోట్ల వంగింది. కొయ్యలో ఏదో తెల్లగా కనిపించింది. చేతికి రుమాలు చుట్టుకొని పుల్లతో పెకిలించాను. విరిగిన కోర పన్ను. ఆకలితో కుక్క కొయ్యను ఇట్లా కొరకదు. పన్ను విరిగినా ఆపకుండా కొరికేది ఒక్క రోగంలోనే.

"ఎన్నడు సచ్చింది ఉమేష్?"

"సావలేదంటున్న గదా పెద్దమనిషీ!"

"వెనక గుంటల సున్నం ఎందుకు పోసినవు మరి? తవ్వనా?"

అతను బయటికి చూశాడు. అప్పుడే మోటారు సైకిలు వచ్చి ఆగింది. జగన్. టైము ఒంటిగంటకు అయిదు నిమిషాలు తక్కువ.

"నాకెర్కే నువ్వు ఈడికే వస్తవని," అన్నాడు గేటులోంచే. "నా పేరు కనబడ్డ కాడికల్ల ముక్కు పెట్టుకుంట వస్తవు. ఎన్నేండ్లయింది అన్నా, ఇంక సల్లారవా?"

"బోర్డు మీద నీ పేరెందుకున్నది?"

"నా పేరుకు విలువున్నది గనక. నీ పేరు రాస్తె మేకలు గూడ అమ్ముడుపోవు."

"కార్డు మీది ముద్ర దొంగది జగనూ. డాక్టరు ఆ రోజు దీక్షల కూసున్నడు. పుస్తకంల సంతకమున్నది."

అతని కనురెప్ప ఒక్కసారి ఆగింది. నేను చూశాను. "ఎవలో కంపౌండరు ఏసి ఉంటడు."

"ముద్ర బీరువల ఉన్నది. తాళంచెవి సాలమ్మ మెడల ఉన్నది. నువ్వు సూదులు ఏసింది సూసినవా? సూడకుండనే పేరిచ్చినవా? అందుకేనా ఆ ఇంట్ల విషం విషం అంటున్నవు? ఆడికూతురును ఠానాకు పంపి నీ బోర్డు కాపాడుకుంటవా?"

"నోరు జాగ్రత్త!" నా అంగీ కాలరు పట్టుకున్నాడు. డెబ్బై దాటిన నా కాళ్ళు నేల మీద జారాయి. "బతుకంత నన్ను సూసి ఏడ్సినవు. డాలీ నన్ను సూసి తోక ఊపినా నీ కండ్లల్ల నిప్పులు. నేనేం జేసిన నీకు? సదువుకున్న. గంతే గదా?"

"గంతే," అన్నాను. "గంతే జగనూ. ఏడ్సిన. ఇప్పుడు గీ పన్ను సూడు."

రుమాలు విప్పి చూపించాను. అతను ఏమన్నా గానీ కుక్కల మనిషి. కొయ్యను చూశాడు, తీగను చూశాడు, సున్నం చూశాడు. కాలరు వదిలాడు. అతని మొహంలో నెత్తురు లేదు.

"ఉమేష్," అన్నాడు మెల్లగా. "తల్లి ఎన్నడు సచ్చింది?"

"వినాయక చవితినాడు సార్," ఉమేష్ గోడకు జారబడ్డాడు. "ఎండకాలంల అడివిల నక్కేదో కరిసిందట, అమ్మినోడు చెప్పలె. పిల్లలను గూడ కరవబోయింది. పాలడబ్బ పాలు పోసి సాదిన. అయిదు పానాలు ఇంట్ల తినాలె సార్, కరెంటు లేదు, యాపారం లేదు. సూదుల పైసలేడికెల్లి తేవాలె? కార్డులు జనగామల అచ్చేపిచ్చిన."

"పిల్లలెన్ని?" అన్నాను.

"నాలుగు. రెండు ఈడనే పోయినయి. ఒకటి రమాదేవమ్మకిచ్చిన." ఉమేష్ జగన్ కళ్ళలోకి చూడలేకపోయాడు. "నాలుగోది మీకే ఇచ్చిన గద సార్. బోర్డు మీద పేరు రాసుకున్నందుకు. ఉత్తగ."

ఇన్నేళ్ళూ నేను ఎదురుచూసింది ఆ క్షణం కోసమే. జగన్ పడ్డాడు. చూడటానికి నేనూ ఉమేషూ తప్ప ఎవరూ లేరు. నాకు ఏ రుచీ తెలియలేదు.

జగన్ ఎడమ చేతి అంగీ పైకి లాగాడు. మణికట్టు మీద నాలుగు ఎండిన గాట్లు. "ఆడుకుంట కొరికింది. పది రోజులైంది. నేనే కార్డు సూసి ఊకున్న అన్నా." ఆగాడు. తరువాత మా తండా భాషలో అన్నాడు, "కుక్కపిల్ల నా ఇంట్లో లేదు. పండుగకు నా కూతురికి ఇచ్చాను. జమునకు. భూపాలపల్లిలో. దానికి ఎనిమిది నెలల బాబు."

ఫోను చేశాడు. కలవలేదు. బొగ్గు గనులు కూడా సమ్మెలోనే ఉన్నాయి, కరెంటు సగం రోజు ఉండటం లేదు, టవర్లు పని చేయడం లేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ మళ్ళీ చేశాడు.

"ముందు వర్షిణి," అన్నాను. "బండి తియ్యి."

మోటారు సైకిలు మీద అతని వెనక కూర్చున్నాను. రెండుంపావుకు సాంబయ్య ఇంట్లో జగనే ముందు నోరు తెరిచాడు.

"విషం గాదు సేటూ. పిచ్చి. నేను తప్పు చెప్పిన. పాపను లేపుండ్రి."

రమాదేవి కార్డు పట్టుకొని అట్లే నిలబడ్డది. ఆమె చేతిలోంచి కార్డు లాక్కున్నది కళావతి. చించలేదు, తిట్టలేదు. పాపను చంకనెత్తుకొని, "చెప్పులేసుకో రమా, నడువు," అన్నది. ఏడేళ్ళ పిల్లను మోస్తూ ఆమే ముందు గేటు దాటింది.

రెండూ నలభైకి ప్రైవేటు డాక్టరు దగ్గర వేలి చుట్టూ ఒక సూది, భుజానికి ఒక సూది. ఆ వెనక జగన్ అంగీ విప్పాడు. ఉమేష్ మీద రాసిన కంప్లయింటు మీద సాంబయ్య సంతకం పెట్టాడు. పాపకు వేళలోనే పడ్డాయని డాక్టరు అన్నాడు. ఎన్ని గంటలు ముందు పడితే ఇంకా మంచిదో నేను అడగలేదు.

ఆరుంపావుకు జమున ఫోను కలిసింది. జగన్ ఫోను నా చేతికిచ్చాడు.

"బిడ్డా, కుక్కపిల్ల ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది పెదనాయినా. నిన్నటి సంది మంచం కింద మూలకు పోయి పండుకుంది. నీళ్ళు పెడితె తాగుతలేదు. పిలిస్తె గురుమంటున్నది. ఎందుకు?"

"బాబు ఏడున్నడు?"

"మంచం మీదనే నిద్రపోతున్నడు."

"బాబును ఎత్తుకొని బయటికి రా. ఇప్పుడే. చప్పుడు చెయ్యకు. కాలు మంచం కింద పెట్టకు."

ఫోనులో మంచం కిర్రుమన్నది. జగన్ నా మోచేయి పట్టుకున్నాడు. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నాడు. తరువాత తలుపు గడియ చప్పుడు.

"వచ్చినం పెదనాయినా. బయట గొళ్ళెం పెట్టిన. అది తలుపును గీకుతున్నది. రోజూ బాబు చేతులు నాకుతుండె. మొన్న చిటికెన వేలు గీసుకపోయింది."

సబ్బుతో పావుగంట కడగమన్నాను. వెంటనే బొగ్గు గనుల కంపెనీ దవాఖానకు వెళ్ళమన్నాను, అక్కడ అత్యవసర వార్డు నడుస్తున్నది. ఆ తలుపు మాత్రం ఎవరూ తెరవవద్దన్నాను.

మరుసటి పొద్దున నాలుగింటికి సాంబయ్య బట్టల వ్యానులో బయలుదేరి, ఏడూ నలభైకి భూపాలపల్లి కార్మికుల క్వార్టర్లకు చేరాము. బాబుకు సూదులు పడ్డాయని జమున గేటులోనే చెప్పింది. క్వార్టర్ల ఆడవాళ్ళు తలుపుకు దూరంగా నిలబడి ఉన్నారు. లోపలి నుంచి కోడి కూసినట్టు ఒక కూత వచ్చింది. నేను రెండు గోనెసంచులు ఎడమ చేతికి చుట్టుకున్నాను, కుడి చేత కుక్కను పట్టే ఉచ్చు కట్టిన కర్ర పట్టుకున్నాను. జగన్ తానూ వస్తానన్నాడు. వద్దన్నాను. "నువ్వు నాకు నేర్పేదేముందే?" అని జగన్ గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. పాప మూడు గంటల బాకీ నాది. ఆ చెయ్యి పక్కకు నెట్టి నేనొక్కడినే లోపలికి వెళ్ళి, లోపలి నుంచి గడియ పెట్టుకున్నాను.